చెన్నై అద్దె ఇంట్లో కొత్త ఫ్రిజ్: స్విచ్ వేసే ముందు ప్లగ్ పాయింట్ చూపించండి

మడిపాక్కంలో రెండో అంతస్తు అద్దె ఇల్లు, రేపు డబుల్ డోర్ ఫ్రిజ్ వస్తోంది అన్నారు. దింపగానే ఆన్ చేయొచ్చా, స్టెబిలైజర్ కొనాలా, వంటింట్లో పట్టకపోతే హాల్లో పెట్టొచ్చా, రెండేళ్ల పాప ఉంది కాబట్టి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు. అన్నిటికీ చెప్తాను గానీ, మీరు అడగనిది ఒకటుంది. ముందు అది. ఫ్రిజ్ పెట్టబోయే చోట ఉన్న ప్లగ్ పాయింట్‌కి ఎర్త్ ఉందా?

మాది నెల్లూరు. పెళ్లయి చెన్నై వచ్చి పదకొండేళ్లయింది. వేళచ్చేరిలో ఇల్లు మారినప్పుడు కొత్త ఫ్రిజ్ కొన్నాం. మొదటి వారం ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గేసి, ఆ తడికాళ్లతోనే వచ్చి పాల ప్యాకెట్ కోసం ఫ్రిజ్ తలుపు పట్టుకున్నాను. వేళ్లు జివ్వుమన్నాయి. మావారిని పిలిస్తే, హవాయి చెప్పులేసుకుని వచ్చి పట్టుకుని చూసి "ఏం లేదే" అన్నారు. రబ్బరు చెప్పులేసుకుంటే ఏముంటుంది! మర్నాడు మా అత్తగారికీ తగిలింది. అప్పుడు నమ్మారు.

కొన్నచోటికి ఫోన్ చేస్తే సర్వీసు అబ్బాయి వచ్చాడు. మీటరు పెట్టి చూసి, "ఫ్రిజ్‌లో లోపం లేదు మేడం, మీ ఇంటి ఎర్త్ చూపించుకోండి" అని వెళ్లిపోయాడు. తప్పించుకుంటున్నాడని నాకు ఒళ్లు మండింది. తీరా చూస్తే ఆ అబ్బాయి చెప్పిందే నిజం. ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పితే, మూడు రంధ్రాల్లో పైనుండే పెద్ద రంధ్రం వెనక స్క్రూకి అసలు వైరే లేదు. ఆకుపచ్చ వైరు గోడలోని పైపులోంచి బాక్సు దాకా వచ్చి, కొస కత్తిరించి నల్ల టేపు చుట్టి, మూలన ముడుచుకుని ఉంది. ఎప్పుడో ఎవరో స్విచ్ మార్చినప్పుడు బద్ధకించినట్టున్నారు. అతను టేపు ఊడదీసి, రాగి తీగ గీకి, స్క్రూ కింద బిగించాడు. తర్వాత హోల్డరుకి రెండు వైర్లు తగిలించిన బల్బు తీసి, ఒక కొస కరెంటొచ్చే ఫేజులో, ఇంకో కొస ఎర్తులో పెట్టాడు. బల్బు నిండుగా వెలిగింది. అంతకుముందు మినుకుమనలేదు కూడా. ఈ పరీక్ష ఎలక్ట్రీషియనే చెయ్యాలి, మీరు చెయ్యొద్దు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు ఎటైనా కారిపోతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే బల్బు పెట్టగానే అది పడిపోతుంది. అదీ మంచి గుర్తే.

ఫ్రిజ్ బాగున్నా షాక్ ఎందుకంటే, కంప్రెసరున్న ఏ ఫ్రిజ్‌లోనైనా కొద్దిపాటి కరెంటు రేకు బాడీలోకి కారుతూనే ఉంటుంది. ఎర్త్ ఉంటే అది వైరు వెంట భూమిలోకి పోతుంది. లేకపోతే తడికాళ్లతో ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. ఈరోజు జివ్వుమన్నదే, రేపు లోపల ఏ వైరో ఒరుసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది. మీ పాప నేల మీద ఒట్టికాళ్లతో తిరుగుతూ, తడి చేతులతో దాన్ని పట్టుకునే వయసులో ఉంది కదా. అందుకే దీని గురించి ఇంతసేపు చెప్తున్నాను.

ఇంకొక్క మాట. ఎర్త్ వైరు దొరకనప్పుడు కొంతమంది "న్యూట్రల్ నుంచి లూపు వేసేస్తా, అదే పని చేస్తుంది" అంటారు. అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరునే ఎర్త్ రంధ్రానికి కలిపేస్తారన్నమాట. ససేమిరా ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే 230 వోల్టులూ నేరుగా ఫ్రిజ్ బాడీ మీదికొచ్చేస్తాయి. అద్దె ఇల్లు కదా అని మీరూ వదిలేయకండి. మా ఓనరమ్మ మొదట గొణిగినా, ఎలక్ట్రీషియన్ ఆ కత్తిరించిన వైరు చూపించాక డబ్బులు తనే ఇచ్చింది. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా చూడండి. ఉంటే దాని మీద 'టి' అని రాసిన చిన్న బటన్ నొక్కితే మీట పడాలి. పడకపోతే అది పేరుకే ఉన్నట్టు.

ఇక మీ ప్రశ్నలు. దింపగానే ఆన్ చేయొద్దు. నిలబెట్టి తెచ్చి ఉంటే మూడు నాలుగు గంటలు ఆగితే చాలు. పడుకోబెట్టి తెచ్చారని అనుమానముంటే ఒక రోజు పూర్తిగా ఆగండి. కంప్రెసర్‌లో నూనె ఉంటుంది, వాహనం కుదుపులకి అది గొట్టాల్లోకి వెళ్తుంది, మళ్లీ కిందికి దిగాలి. రెండో అంతస్తు అన్నారు కాబట్టి మెట్ల మలుపుల్లో బాగా వాల్చక తప్పదు. ఎలా మోసుకొస్తున్నారో పక్కనుండి చూడండి, ఎంతసేపు ఆగాలో మీకే తెలుస్తుంది. ఈలోపు లోపలి టేపులన్నీ పీకేసి, తడిగుడ్డతో తుడిచి, తలుపు తెరిచి ఉంచితే కొత్త ప్లాస్టిక్ వాసన పోతుంది. అడుగున ఉండే థర్మాకోల్ దిమ్మ తీయడం మాత్రం మర్చిపోకండి. మా ఎదురింటివాళ్లు "ఎత్తుగా బాగుంది" అని దాని మీదే ఆర్నెల్లు ఉంచారు. దానివల్ల కంప్రెసర్ కింద గాలి ఆడదు.

హాల్లో పెట్టడం తప్పేమీ కాదు. మేమూ హాల్లోనే పెట్టాం. వంటింట్లో పొయ్యి పక్కన ఇరికించడం కన్నా అదే నయం. పడమటెండ పడే కిటికీ దగ్గర మాత్రం వద్దు. గోడకి ఆనించి తోసేయకుండా వెనక, పక్కల, పైన ఖాళీ వదలండి. ఎంత అనేది ఫ్రిజ్‌తో వచ్చే పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. ఈ కాలపు ఫ్రిజ్‌లకి వెనక నల్ల జాలీ కనపడదు, వేడిని బయటికి పంపే గొట్టాలు పక్క రేకుల లోపలే ఉంటాయి. కాబట్టి మొదటిరోజు పక్కలు చెయ్యి పెడితే వేడిగా ఉన్నాయని కంగారు పడకండి. లోపలి వేడే అలా బయటికొస్తోంది. చెన్నై కత్తిరి ఎండల్లో, అంటే మే నెల మండుటెండల్లో, ఇంకా కాలుతుంది. ఆ పక్కనే బట్టల స్టాండు పెట్టి గాలి ఆపేయకుండా ఉంటే చాలు. ముందు కాళ్లు తిప్పి కాస్త ఎత్తు చేయండి, తలుపు సగం తెరిచి వదిలితే దానంతటదే మూసుకోవాలి. చక్రాల స్టాండు మీద పెడితే చక్రాలు లాక్ చేయండి. పిల్లలు తలుపు పట్టుకుని వేలాడతారు. మా చిన్నవాడు అలాగే పెరుగు గిన్నె మీద పోసుకున్నాడు.

ప్లగ్గు నేరుగా గోడలోకే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, మిక్సీతోనో ఓవెన్‌తోనో పంచుకునే మల్టీప్లగ్ అసలే వద్దు. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్నటి వైరు, వదులు పిన్ను దానికి తట్టుకోలేక మెల్లగా కాలతాయి. పెద్ద పిన్ను వస్తే పెద్ద సాకెట్టే వేయించండి, కన్వర్టర్ తగిలించకండి. నెలకోసారి ప్లగ్గు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడిగా అనిపిస్తే లోపల స్క్రూ వదులైనట్టే.

స్టెబిలైజర్ సంగతి. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లు తక్కువ వోల్టేజీనీ ఎక్కువ వోల్టేజీనీ తట్టుకుంటాయి. ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అనేది పుస్తకంలో రాసి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ ఎలాగూ వస్తాడు కాబట్టి సాయంత్రం ఏడెనిమిదింటికి, వీధిలో అందరి ఏసీలూ ఆడే వేళకి రమ్మని, మీ ఇంట్లో వోల్టేజీ ఎంతుందో చూపించుకోండి. ఆ హద్దుల్లో ఉంటే స్టెబిలైజర్ డబ్బులు దండగ. ఫ్యాను వేగం తగ్గడం, లైట్లు మసకబారడం మీ వీధిలో మామూలే అయితే మాత్రం కొనండి. కరెంటు పోయి వచ్చినా, మీరే స్విచ్ తీసి వేసినా మధ్యలో ఐదు నిమిషాల ఎడం ఉండాలి. గొట్టాల్లో ఒత్తిడి సర్దుకోకముందే మోటారు తిరగబోతే దాని మీద భారం పడుతుంది.

ఆన్ చేశాక ఖాళీగానే కొన్ని గంటలు చల్లబడనివ్వండి. మేమైతే ఒక రాత్రంతా వదిలేశాం. తిప్పుడు బటన్ మీద 1, 2, 3 అని ఉండేవి డిగ్రీలు కావు, చలి ఎక్కువ తక్కువలు మాత్రమే. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచి పొద్దున చూడండి. 4 డిగ్రీల దగ్గర ఉండాలి. ఫ్రీజర్ మైనస్ 18. జ్వరం చూసే థర్మామీటర్ ఇందుకు పనికిరాదు. మా అత్తగారికి ఇన్సులిన్ ఉంది కాబట్టి నేను ఇది తప్పకుండా చూస్తాను. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డకడితే పారేయాల్సిందే. అందుకే వెనక గోడకి తగలకుండా, మాటిమాటికీ తెరిచే తలుపులో కాకుండా, మధ్య అరలో డబ్బాలో పెడతాను.

ఈ ఊరి ఉక్కకి వండిన అన్నం, పప్పు రెండు గంటలకు మించి బయట ఉంచడం మంచిది కాదు. అలాగని పొగలు కక్కే సాంబారు గిన్నె లోపలికి తోయకూడదు. వెడల్పాటి పళ్లెంలో పోసి ఫ్యాను కింద పెడితే త్వరగా చల్లారుతుంది, అప్పుడు మూతపెట్టి లోపల పెట్టండి. చేపలు, చికెన్ మూత గట్టిగా ఉన్న డబ్బాలో అన్నిటికన్నా కింది అరలో పెట్టాలి. పైన పెడితే ఆ నీళ్లు పెరుగులోకి కారతాయి. దోసెపిండి గిన్నె మాత్రం సగానికి మించి నింపకండి. పొంగి, కింద గాజు పలక అంచుల్లోకి దిగి ఎండిపోయిన పిండిని గోరుతో గీకిన అనుభవంతో చెప్తున్నాను.

గీకడం అంటే గుర్తొచ్చింది. మీది డబుల్ డోర్ కాబట్టి ఫ్రీజర్‌లో మంచు కొండలు పేరుకోవు. పాత సింగిల్ డోర్ ఎవరింట్లోనైనా ఉంటే, మంచు కోసం కత్తి, స్క్రూడ్రైవర్ వాడొద్దని చెప్పండి. మా పిన్ని అలా పొడిస్తే బుస్సుమంది, అంతే, గ్యాస్ మొత్తం పోయింది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్ వాడుతున్నారు. వెనక స్టిక్కరు మీద పేరు, ఎన్ని గ్రాములో రెండూ ఉంటాయి. వంటగ్యాసు జాతిదే, మండుతుంది. పైగా వంటగ్యాసుకి కలిపే ఘాటు వాసన దీనికుండదు కాబట్టి ముక్కుకి తెలియదు. ఉండేది కొద్ది గ్రాములే, భయపడాల్సిన పని లేదు. గొట్టానికి దెబ్బ తగిలి బుస వినిపిస్తే మాత్రం అగ్గిపుల్ల, పొయ్యి, స్విచ్ ఏదీ ముట్టకుండా కిటికీలు తెరిచి పాపనెత్తుకుని బయటికి రండి.

కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంటే కింది భాగం నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజుల దాకా ఆగుతుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు మా వీధిలో మూడు రోజులు కరెంటు లేదు, ఉన్నదంతా పారబోశాం. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు నేను చేసే పని ఒకటుంది. చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో వదిలేస్తాను. తిరిగొచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే సరే. అడుక్కి దిగి గడ్డకట్టి ఉంటే, మనం లేనప్పుడు కరెంటు చాలాసేపు పోయి మళ్లీ వచ్చిందన్నమాట. అప్పుడు లోపలి చేపలు, ఐస్‌క్రీం పారేయడమే.

పాత ఫ్రిజ్ ఉంటే ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయండి. నాలుగు రోజులు బాల్కనీలో ఉంచాల్సి వస్తే తలుపు ఊడదీయించండి. పిల్లలు ఆటకి లోపల దాక్కుంటే బయటికి రాలేరు, గాలి అందదు.

వెనక కంప్రెసర్ పైన చిన్న ట్రే ఉంటుంది, లోపలి నీళ్లు అందులోకి చేరి ఆవిరైపోతాయి. తమిళుల ఐప్పసి, కార్తిగై నెలల (అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) వానల్లో గాలి తేమగా ఉండి అవి త్వరగా ఆరవు. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి అంతకన్నా సుఖమైన చోటు దానికి దొరకదు. కార్పొరేషన్ నుంచి దోమల తనిఖీకి వచ్చే ఆవిడ మా ఇంట్లో తొట్టి, పూలకుండీలు అన్నీ చూసి, "ఫ్రిడ్జ్ పిన్నాడి కాట్టుంగమ్మా" (ఫ్రిజ్ వెనక చూపించండమ్మా) అంది. నేను ధీమాగా చూపించాను. టార్చి వేస్తే ట్రేలో పురుగులు గిలగిలలాడుతున్నాయి. అప్పటి నుంచి ప్రతి శనివారం ప్లగ్గు తీసి ఆ ట్రే తుడుస్తున్నాను. మీది చేత్తో ఊడొచ్చే రకమో కాదో రేపు డెమోకి వచ్చిన అబ్బాయిని అడిగి తీయించి చూసుకోండి.