ఒకేలా ఉండే మాటల గురించి ఒక ఉత్తరం

తమ్ముడూ,

నువ్వు ఇంగ్లీషులో రాసిన కథ చదివినా. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర తోతాపురి లారీలు తెల్లార్లూ నిలబడిపోయిన రాత్రిని చిత్తూరోడే రాయాలి, నువ్వు రాసినావు, బాగుండాది. కథ సంగతి ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం, ఈ ఉత్తరం మాత్రం నీ ఇంగ్లీషు గురించే, ఎందుకంటే దగ్గిర దగ్గిరగా వినిపించే మాటల్లో ఏది చేతికి దొరికితే అది వేసేస్తా ఉండావు.

మొదటి పేజీలోనే చూడు, లారీల వరస కంటిన్యువల్ అన్నావు, హారన్లేమో కంటిన్యువస్ అన్నావు. సరిగ్గా తిరగేసినావు. మధ్యలో సందు లేకుండా సాగిపోయేది కంటిన్యువస్, ఆగి ఆగి మళ్లీ మళ్లీ వచ్చేది కంటిన్యువల్. గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా బండికి బండి ఆనుకుని ఉంటే ఆ వరస కంటిన్యువస్. హారన్ అట్లా కాదు కదా, ఒక డ్రైవరు కొడతాడు, ఊరుకుంటాడు, వెనకోడు అందుకుంటాడు, కాసేపు సద్దుమణుగుతుంది, మళ్లీ ఇంకోడు మొదలుపెడతాడు. ఎడతెగకుండా, మాటిమాటికీ అని మనం ఈ రెండిటినీ వేరేగానే అంటాం, ఇంట్లో మాట్లాడేటప్పుడు నువ్వు ఒక్కసారన్నా తడబడవు. నువ్వు రాసిన ప్రకారం చదివితే ఏదో లారీలో హారన్ బటన్ ఇరుక్కుపోయి పొద్దున దాకా మోగిందనుకోవాల్సిందే.

ఇంక పంచాయితీ సీన్. రేటు దగ్గర రైతులకీ ఫ్యాక్టరీ వాళ్లకీ గొడవైతే పెద్దాయన్ని పిలిపించినారు, ఆయనకి తోట లేదు, ఫ్యాక్టరీలో వాటా లేదు, అందుకే రెండు పక్కల వాళ్లూ ఆయన మాటకి ఒప్పుకున్నారు. కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఆయనే. అట్లాంటాయన్ని పట్టుకుని అన్‌ఇంట్రెస్టెడ్ అని రాసేసినావే! అంటే ఈ గొడవ ఆయనకి పట్టనే లేదు, ఆవలిస్తా కూర్చున్నాడు అని అర్థం. నీకు కావాల్సింది డిస్‌ఇంట్రెస్టెడ్, అందులో తనకొచ్చే లాభం ఏమీ లేనోడు, ఎటూ మొగ్గనోడు. తమాషా ఏందంటే 17వ శతాబ్దంలో ఈ రెండూ తారుమారుగా కూడా నడిచినాయి, ఆసక్తి లేదనడానికి డిస్‌ఇంట్రెస్టెడ్, పక్షపాతం లేదనడానికి అన్‌ఇంట్రెస్టెడ్ వాడినోళ్లు ఉండారు. ఇప్పటికీ ఇంగ్లీషోళ్లే చానామంది డిస్‌ఇంట్రెస్టెడ్‌ని ఆసక్తి లేదనే అర్థంతో వాడేస్తారు, డిక్షనరీల్లో ఆ అర్థం కూడా ఉంటుంది. కానీ నువ్వు వాడిన వైపు మాత్రం ఈ రోజుల్లో ఎవరూ వాడరు, కాబట్టి వాదనకి దిగొద్దు. మరీ డౌటుగా ఉంటే ఇంపార్షియల్ అని రాసేయ్, ఏ గొడవా ఉండదు.

ముసలి రైతుని స్లిమ్ అన్నావు చూడు, అక్కడ నాకు నవ్వొచ్చింది. స్లిమ్‌లో మెచ్చుకోలు ఉంటుంది, స్కిన్నీలో చాలాసార్లు ఈసడింపు ఉంటుంది, థిన్ అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడం. కాయలు మెత్తబడిపోతా ఉంటే రెండు రోజులు లారీ కింద పడుకున్న మనిషి స్లిమ్ ఎట్లా అవుతాడబ్బా? గాంట్ అని ఒకటుంది, ఆకలికో జబ్బుకో బుగ్గలు లోపలికి పోయిన మనిషికి వాడతారు, అది కుదురుతుందేమో చూడు. కుదరకపోతే థిన్ చాలు.

ఇవన్నీ థిసారస్‌లో ఏరుకున్నావని నా అనుమానం. 1852లో రోజే అనే డాక్టరు అచ్చేయించిన థిసారస్‌లో మాటల్ని భావాల ప్రకారం గుంపులు కట్టినాడే గానీ ఒక్కోదానికీ అర్థం రాయలేదు. నాలిక చివర ఆడతా గుర్తుకు రాని మాట కోసం అది తెరువు, కొత్త మాట కోసం వద్దు. కొత్త మాటకి ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం చేసిన లెర్నర్స్ డిక్షనరీ తీసి, అర్థం కన్నా కింద ఇచ్చిన వాక్యాలు ఎక్కువ చదువు, పక్కన ఏమేం మాటలు వస్తాయో గమనించు. ఎకనామిక్ పక్కన పాలసీ, క్రైసిస్ లాంటివి వస్తాయి, ఎకనామికల్ పక్కన పెట్రోలు తక్కువ తాగే కారు వస్తుంది, నాలుగు వాక్యాలు చదివినాక ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

స్టేషనరీ అంటే కదలనిదీ ఉంది, కాగితం కలం సామానూ ఉంది, ప్రిన్సిపల్ అంటే ముఖ్యమైనదీ ఉంది, సూత్రమూ ఉంది, పలకడం ఒకటే, రాయడంలో ఒకటి రెండు అక్షరాలే తేడా, స్పెల్‌చెక్ అన్నిసార్లూ పట్టుకోదు, నువ్వే కళ్లు పెట్టి చూసుకోవాల.

అన్నట్టు చంద్రగిరి రాజుల మీద హిస్టారిక్ నవల రాస్తానన్నావు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు జాగా దక్కింది చూడు, చరిత్రనే మలుపు తిప్పింది, అది హిస్టారిక్. పాతకాలం గురించి రాసే నవల హిస్టారికల్. నీది రెండోదిగా మొదలుపెట్టు, మొదటిది అవుతుందో లేదో తర్వాత జనం చెప్తారు.

రెండో డ్రాఫ్ట్ అయినాక ప్రింట్ తీసుకుని తిరుపతికి రా, పక్కన మార్జిన్ బాగా వదులు. ఫోన్లో పీడీఎఫ్ చూపిస్తే మాత్రం చదవను.

మీ అన్న