రాజమండ్రి నుంచి అంతర్వేది: స్నేహితుడితో బండి మీద ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఇద్దరు స్నేహితులు తెల్లవారుజామున రాజమండ్రిలో బయల్దేరి, కోనసీమంతా చూసి, రాత్రికి తిరిగి ఇంటికి చేరుకోవచ్చా? ఏ దారి మంచిది? ఒక బండా, రెండు బళ్ళా?

చేరుకోవచ్చు. కాకపోతే "కోనసీమంతా" అన్న మాట ముందే వదిలేయండి. యానాం, ద్రాక్షారామం, అప్పనపల్లి, అంతర్వేది, పాలకొల్లు అన్నీ రాసుకుని బయల్దేరితే ఏ ఊళ్ళోనూ పావుగంట నిలబడలేరు. నేను పుట్టి పెరిగింది ఈ నేల మీదే. తీరిక దొరికినప్పుడల్లా మావాడూ (నా స్నేహితుడు) నేనూ బండి తీస్తాం. మాకు బాగా కుదిరిన పద్ధతి ఒకటుంది. ఒక కాలువ పట్టుకోవడం. ఆనకట్ట దగ్గర కాలువలో పడ్డ నీళ్ళతోపాటే సముద్రం దాకా దిగడం, అక్కడ ఏరు దాటి అవతలి ఒడ్డునుంచి వెనక్కి రావడం. అన్నీ కలిపి సుమారు 200 కిలోమీటర్లు. వేరే చోట ఇది సగం రోజు పని. ఇక్కడ మాత్రం పొద్దున్న అయిదున్నరకు బయల్దేరితే రాత్రి ఎనిమిదవుతుంది. ఊరు దాటగానే ఊరు, ప్రతి ఊళ్ళో రెండు మూడు స్పీడ్ బ్రేకర్లు, మధ్యలో రేవు. డెల్టాలో కిలోమీటర్లు చూసి సమయం లెక్కకట్టకూడదు.

ఒక్క బండే తీసుకోండి. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. రెండు బళ్ళయితే కాలువగట్టు రోడ్డు మీద పక్కపక్కన వెళ్ళలేరు. ఒకడు ముందు, ఒకడు వెనక. వెనకవాడు ఏదో చూసి ఆగితే ముందువాడు రెండు ఊళ్ళు దాటేసి ఫోన్ చేస్తుంటాడు. ఒకే బండి మీదైతే చూసింది అప్పటికప్పుడు చెప్పుకోవచ్చు, గంట గంటకీ చేతులు మారి ఇద్దరూ నడుములు నిలబెట్టుకోవచ్చు. నూట పాతిక సీసీ బండి ధారాళంగా సరిపోతుంది. పల్లెటూళ్ళో ఎవరు చూస్తారులే అని వెనక కూర్చున్నవాడు హెల్మెట్ తీసి మోచేతికి తగిలించుకోవడం ఇక్కడ మామూలైపోయింది. అది మాత్రం వద్దు. ఈ రోడ్ల మీద కుక్కా గేదే అడ్డొచ్చేది ఎక్కువగా ఊళ్ళోనే.

కాలం సంగతి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. సంక్రాంతి మూడు రోజులూ తప్పించండి, ఊళ్ళకు వచ్చిన కార్లతో రోడ్లు నిండిపోతాయి. వేసవిలో దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అప్పుడు వస్తే నీళ్ళు లేని కాలువే కనిపిస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద సంగతి చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందని వార్తల్లో చూస్తే ఆ వారం ప్రయాణం మానుకోండి. లంకలకు, అంటే ఏటి మధ్య దీవులకు, వెళ్ళే కాజ్‌వేలు మునుగుతాయి, పంట్లు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవలు) ఆపేస్తారు. అంతకన్నా ముఖ్యం, ఆ రోజుల్లో లంకల్లో జనం సామాను నెత్తిన పెట్టుకుని గట్టెక్కుతుంటారు. వాళ్ళ దారికి అడ్డంగా మన బండి ఉండకూడదు.

ఇక దారి. ధవళేశ్వరంలో ఆనకట్ట ఎక్కండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేసిన పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ ఇది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భుజాలు, మొత్తం 175 గేట్లు. తూర్పు డెల్టా కాలువ ధవళేశ్వరంలో, పడమటిది విజ్జేశ్వరంలో, మధ్య డెల్టాది బొబ్బర్లంకలో మొదలవుతాయి. మనం పట్టుకోవాల్సింది ఈ మూడోదాన్ని. కోనసీమలో బ్రాహ్మలు స్నాన సంకల్పంలో కాటన్ పేరు తలుచుకోవడం ఊరికే పుట్టిన ఆచారం కాదు. 1833 ప్రాంతంలో ఈ జిల్లాలు కరువుతో అల్లాడిపోయాయి. పక్కనే గోదావరి పారుతూనే ఉంది, పొలానికి మాత్రం చుక్క రాలేదు. ఆ సంగతి తెలిసి కాలువ పక్కన బండి నడుపుతుంటే ప్రతి తూమూ, ప్రతి లాకూ (కాలువకు అడ్డంగా కట్టిన తలుపులు) ఆగి చూడాలనిపిస్తుంది.

బొబ్బర్లంక నుంచి కాలువ వెంబడే దిగితే లొల్ల లాకులు. ఇక్కడ కాలువ చీలుతుంది. ఒక పాయ అమలాపురం వైపు, ఒకటి గన్నవరం వైపు. మన నీళ్ళు గన్నవరం పాయలోవి. పొద్దున్న ఏడు లోపు చేరితే లాకుల మీద ఎవరూ ఉండరు. పక్కనే ఆత్రేయపురం. పూతరేకుల డబ్బా కొనుక్కుని వెళ్ళిపోకండి, రేకు తీస్తున్న ఇల్లు ఒకటి అడిగి చూడండి. కుండ బోర్లించి ఉంటుంది, కింద ఎండు కొబ్బరాకు మంట. బియ్యప్పిండి పలచగా కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతుంది ఆవిడ. కళ్ళార్పేలోపు రేకు లేచిపోతుంది, కాగితం కన్నా పలచన. ఆ మంట ముందు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూర్చునే పని అది. బేరం ఆడబుద్ధి వేయదు. శనివారం మాత్రం ఈ వైపు రాకండి. వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల మొక్కు జనం వస్తారు, దారంతా ఆటోలే.

రావులపాలెం, కొత్తపేట మీదుగా పి.గన్నవరం. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. దేవాలయం కాదు, బీచ్ కాదు, కాబట్టి చాలామంది ఆగకుండా వెళ్ళిపోతారు. ఇక్కడ గోదావరి వైనతేయ పాయ అడ్డొస్తుంది. పొద్దున్న లొల్ల దగ్గర మనతో బయల్దేరిన కాలువ అవతలి లంకలోకి, అంటే రాజోలు వైపు, వెళ్ళాలి. అందుకని ఏటి మీద అక్విడక్టు కట్టి కాలువనే దాటించారు. కింద ఏరు, పైన కాలువ. పాతది కాటన్ కాలం నాటిది, 49 ఖానాలు (తోరణాలు). పక్కనే కొత్తది, అన్నదానానికి పేరుపడ్డ లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. బండి పక్కన ఆపి పాతదాని ఖానాల వైపు ఒక పది నిమిషాలు చూడండి. సిమెంటు దొరకని రోజుల్లో ఏటి ఇసుకలో పునాదులు తీసి, సున్నం కట్టుబడితో నిలబెట్టారు. ఎన్ని వరదలు దాని కింద నుంచి పోయాయో! మావాడు సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా వాడు మాట్లాడడం మానేసి చూస్తూ ఉండిపోతాడు, నేను తొందరపెట్టను.

టిఫిన్ ఇంతసేపూ ఆపుకోగలిగితే అంబాజీపేట వైపు తిరిగి పొట్టిక్కలు తినండి. పనసాకుల బుట్టలో ఇడ్లీపిండి పోసి ఉడికిస్తారు, ఆకు వాసన పట్టి ఉంటాయి. పది దాటితే దొరకడం కష్టం.

ఇప్పుడు రోడ్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే బయటినుంచి వచ్చేవాళ్ళకు ఇది తెలియదు. సార్వా (మొదటి పంట వరి) కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు కళ్ళాల్లో చోటు చాలక రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. సగం రోడ్డు ధాన్యం, సగం మనకు. అంచున వరసగా ఇటుకలో, రాళ్ళో, కొబ్బరి మట్టలో పెడతారు. పగలు ఇబ్బంది లేదు. రైతు కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేస్తుంటాడు, మనం నెమ్మదిగా పక్కనుంచి పోవచ్చు. చీకటి పడ్డాక ఆ గింజలు రాశి చేసి టార్పాలిన్ కప్పుతారు, రాళ్ళు మాత్రం అలాగే ఉంటాయి. నల్ల టార్పాలిన్, నల్ల రోడ్డు, ఎదురుగా లారీ లైటు. బండి జారి పడేది అక్కడే. గింజల మీద చక్రం పడితే ముందు బ్రేకు ముట్టుకోకండి, యాక్సిలరేటర్ వదిలేసి హాండిల్ నిటారుగా పట్టుకోండి. ఇంకో మాట, ఖాళీగా ఉంది కదా అని ధాన్యం మీదనుంచి పోనివ్వొద్దు. నూక అయితే మిల్లువాడు ధర తెగ్గోసేది ఆ రైతుకే. తేమ ఎక్కువుందని ఒకసారి తగ్గించుకుని, తడిసిందని ఇంకోసారి తగ్గించుకుని అమ్ముకునేవాళ్ళను నా ఇంట్లోనే చూశాను.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. కొబ్బరితోటల మధ్య రోడ్డు, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, నడపడానికి మాత్రం చాలా బాగుంటుంది. దింపు తీస్తున్న తోట పక్కన ఆగి బొండాం అడిగితే అప్పుడే దించినది కొట్టిస్తారు. గుడి మధ్యాహ్నం మూస్తారు కాబట్టి దర్శనం కావాలంటే పన్నెండు లోపు చేరుకునేలా చూసుకోండి. మాఘమాసంలో భీష్మ ఏకాదశి కల్యాణం రోజుల్లో బండి మీద రావడం దండగ. గుడి దాటి అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్తే గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటు. ఏటి నీళ్ళ రంగు ఒకటి, సముద్రం రంగు ఒకటి, మధ్యలో గీత. అక్కడ లోపలికి దిగి స్నానం చేయకండి, కింద ఇసుక నిలవదు. ఇసుకలోకి బండి కూడా దింపకండి.

వెనక్కి సఖినేటిపల్లి రేవుకు వచ్చి పంటు ఎక్కి నరసాపురం దాటాలి. చించినాడ వంతెన మీదుగా చుట్టూ పోవచ్చు, గాలి ఎక్కువున్నా పంటు ఆపేసినా అదే దారి. కుదిరితే మాత్రం పంటే ఎక్కండి. ఎక్కేటప్పుడు వెనకవాడు దిగి నడవాలి. పోటు మీద ఉంటే పంటు పైకి లేచి ఉంటుంది, పాటులో దిగిపోయి ఏటవాలు ఎక్కువవుతుంది. రేవు బురదా, చెక్కల మీద నీళ్ళూ. ఫస్టు గేరులో, క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు మీద పాదం ఉంచి తిన్నగా పోనివ్వాలి. మధ్యలో ఆగితే కాలు ఆనడానికి చోటుండదు. ఎక్కాక బండి గేరులోనే ఉంచి సైడ్ స్టాండు వేసి పక్కనే నిలబడండి. "ఆయ్, ఇంకొంచెం ముందుకు లాగండి బాబూ, కారొకటి ఎక్కాలి" అని అరుస్తారు, లాగాలి. ఆ కాసేపూ ఇద్దరికీ నడిపే పని లేదు. పొద్దుటినుంచి గాల్లో కలిసిపోయిన మాటలన్నీ అక్కడే చెప్పుకుంటాం. ఇంటి అప్పు సంగతీ, వాళ్ళ నాన్నగారి ఆరోగ్యం సంగతీ మావాడు ఇంకెక్కడా ఎత్తడు. పంటు మీద ఎత్తుతాడు. మీరూ స్నేహితుడితోనే వెళ్తున్నారు కాబట్టి చెబుతున్నాను: తొందర ప్రయాణంలో ఇలాంటి మాటలు రావు. చూడాల్సిన ఊళ్ళు రెండు తగ్గించుకున్నా ఈ దాటడం మాత్రం ఉంచుకోండి.

ముందే ఇద్దరూ ఒప్పుకోవాల్సినవి కొన్ని. ఆగుదామని ఎవరడిగినా ఆగాలి, ఎందుకని అడక్కూడదు. నిద్ర వస్తున్నట్టుంటే చెప్పేయాలి. మధ్యాహ్నం భోజనం తర్వాత గంట నడపకూడదు. గోదావరి భోజనం తిని ఎండలో బండెక్కితే కళ్ళు మూతలు పడతాయి. మేం నరసాపురంలో తిని ఏటి ఒడ్డున నడుం వాలుస్తాం. ఫోన్లో దారి చూసేది వెనకవాడు మాత్రమే. పెట్రోలు డబ్బులు, తిండి డబ్బులు ఒకడి దగ్గరే కలిపి పెట్టండి, ప్రతి టీ దగ్గరా జేబులు తడుముకోవడం ఉండదు.

తిరుగుదారి పాలకొల్లు, మార్టేరు, పెనుగొండ, సిద్ధాంతం. పాలకొల్లులో క్షీరారామం గోపురం రోడ్డు మీదనుంచే కనిపిస్తుంది, ఓపికుంటే లోపలికి వెళ్ళండి. సాయంత్రం టిఫిన్ వేళకి చేరితే దిబ్బరొట్టి తినకుండా ఊరు దాటకండి. ఇటువైపు చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎక్కువ. సరుకు లారీలు దారంతా నీళ్ళు కారుస్తూ పోతాయి. ఎండరోజున కూడా మలుపుల దగ్గర రోడ్డు తడిగా, జిడ్డుగా ఉంటుంది. నీచు వాసన తగిలిందంటే వేగం తగ్గించండి. పొద్దు వాలాక కాలువ మీది పురుగులు ముసురుతాయి, హెల్మెట్ అద్దం తెల్లదే పెట్టుకోండి, నల్లదైతే ఎత్తాల్సి వస్తుంది, ఎత్తితే కంట్లో పడతాయి. సిద్ధాంతం వంతెన ఎక్కితే జాతీయ రహదారి. వెలుతురు ఉండగా అక్కడికి చేరేలా నరసాపురంలో నాలుగింటికల్లా లేవండి. రావులపాలెంలో టీ తాగి, ఇద్దరిలో ఎవరికి తక్కువ అలసటగా ఉంటే వాళ్ళు హాండిల్ తీసుకుంటే, జొన్నాడ వంతెన దాటాక మిగిలేది ముప్పై కిలోమీటర్ల లోపే.