గజ్జల్లో దురద: తామరా, ఒరిపిడా?

తొడల సందులో దురద పెడుతోంది, బట్ట ఒరుసుకుని వచ్చిందా లేక ఫంగసా అని అడిగారు కదా. నాకూ తామర వచ్చి తగ్గింది కాబట్టి చెబుతున్నా: ముందు మచ్చ అంచు చూడండి.

తామరైతే అంచు కాస్త ఉబ్బి, పొట్టు రాలుతూ ఉంటుంది. మధ్యలో మాత్రం చర్మం కొంత తేరుకున్నట్టు కనిపిస్తుంది. నాకు గజ్జ మడతలో మొదలై తొడ లోపలివైపు అర్ధచంద్రాకారంలో పాకింది. స్నానం చేసేటప్పుడు గమనిస్తుంటే ఆ అంచు మెల్లగా బయటికి జరుగుతోందని తెలిసిపోయేది. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు, గోధుమరంగుగానో నల్లగానో ఉంటుంది. ఎర్రగా లేదని ఫంగస్‌ కాదనుకోకండి.

ఒరిపిడిలో దురద కంటే మంట ఎక్కువ, ఇలాంటి అంచు ఉండదు. పొడిగా, వదులు బట్టల్లో ఉంటే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. తామర అలా పోదు, చెమట పడితే ఇంకా రెచ్చిపోతుంది.

మగవాళ్లకు తామర సాధారణంగా వృషణాల సంచి మీదికి రాదు. అక్కడ కూడా ఎర్రబడి, మచ్చ చుట్టూ చిన్న చిన్న పొక్కులుంటే కాండిడా అనే వేరే ఫంగస్‌ కావచ్చు. షుగర్‌ ఉన్నవాళ్లకు ఇది తేలిగ్గా వస్తుంది. రాత్రిపూట దురద పెరిగి, వేళ్ల సందుల్లోనూ ఉండి, ఇంట్లో వాళ్లూ గోక్కుంటుంటే గజ్జి అని అనుమానించాలి.

డాక్టర్‌ నన్ను సాక్సులు కూడా విప్పమన్నారు! గజ్జల గురించి వెళ్తే కాళ్లెందుకా అనుకున్నా. కాలివేళ్ల సందుల్లో పొట్టు ఉంటే ఆ ఫంగసే లోదుస్తులు తొడుక్కునేటప్పుడు పైకి చేరుతుందట. అందుకే ముందు సాక్సులు, తర్వాతే లోదుస్తులు వేసుకోమన్నారు. మీ పాదాలూ ఓసారి చూసుకోండి.

ఇంకొకటి, స్టెరాయిడ్‌ కలిసిన క్రీములు సొంతంగా రాయొద్దు. దురద వెంటనే తగ్గుతుంది, ఫంగస్‌ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. పైగా ఆ అంచు చెరిగిపోయి డాక్టర్‌కు కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. ఇప్పటికే రాసి ఉంటే ఏ క్రీమో డాక్టర్‌కు చెప్పండి. అనుమానం ఉంటే అంచు దగ్గర పొట్టు కొంచెం గీకి మైక్రోస్కోప్‌లో చూస్తారు, నొప్పేమీ ఉండదు.