మీ ప్రశ్న – మా జవాబు: చూస్తున్నారు, కొనడం లేదు

ప్రశ్న: మా నాన్నగారి వద్ద నేర్చుకున్న కలంకారీ పనిని కొంతకాలంగా ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాను. పూర్తయిన బొమ్మల ఫొటోలకు లైకులు కొట్టేది ఎక్కువగా బంధువులే. కొత్తవారు వచ్చినా, ప్రింటు చీర వందల్లోనే దొరుకుతుంటే మీది ఎందుకంత ధర అని అడిగి వెళ్ళిపోతున్నారు. డబ్బు కట్టి ప్రచారం చేయించుకోమని కొందరంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: అలా అడిగినవారిని తప్పుపట్టలేం. పూర్తయిన వస్త్రాన్ని ఫొటోలో చూసినప్పుడు అది కలంతో గీసినదో, అచ్చుతో అద్దినదో, యంత్రం మీద ముద్రించినదో సామాన్యులు పోల్చుకోలేరు. మచిలీపట్నం, పెడన ప్రాంతాల్లో చెక్క అచ్చులతో చేసే అద్దకాన్నీ, మీ ఊళ్ళో వెదురు కలంతో గీసే పనినీ జనం కలంకారీ అనే పిలుస్తారు. ఈ రెండింటికీ చెందని మిల్లు ప్రింట్లకు సైతం దుకాణాల్లో అదే పేరు తగిలిస్తున్నారు. కనుక మీరు బొమ్మతో పాటు అది తయారయ్యే తీరును కూడా చూపాలి.

ఈ విషయంలో మీకున్న వెసులుబాటు చాలామంది చిత్రకారులకు లేదు. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో గుడ్డను నానబెట్టడం, చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో బొమ్మను చిత్తుగా గీసుకోవడం, పటిక పూసిన చోట మాత్రమే ఎరుపు పట్టడం, పారే నీటిలో గుడ్డను ఉతకడం, వీటిలో ప్రతి ఒక్కటీ విడిగా ఒక వీడియో అవుతుంది. అన్నిటికంటే ముందు నలుపును చూపండి. బెల్లం, ఇనుప తుక్కు రోజుల తరబడి నీళ్ళలో ఊరగా వచ్చిన ద్రవంలో కలాన్ని ముంచి గీస్తే, గుడ్డకు పట్టిన కరక్కాయ సారంతో కలిసి ఆ గీత నల్లబడుతుంది. అరనిమిషం వీడియోకు ఇంతకంటే మంచి విషయం దొరకదు, పైగా ఏ ప్రింటు చీరా దీన్ని చూపలేదు. సినిమా పాట జోడించి వదిలేయకుండా, ఏం చేస్తున్నారో మీ గొంతుతో, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పండి. ఇతర రాష్ట్రాల వారి కోసం కింద ఇంగ్లీషులో రెండు పంక్తులు రాస్తే చాలు.

మిమ్మల్ని ఇంకా అనుసరించని వారికి వీడియో చేరాలంటే లైకుల కంటే, చూసినవారు దాన్ని మరొకరికి పంపుకోవడమే ఎక్కువగా తోడ్పడుతుందని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 ఆరంభంలో చెప్పారు. 'వదినా, ఇది చూడు' అని ఒకరు మరొకరికి పంపేది సాధారణంగా ఇటువంటి తయారీ వీడియోలనే. ధర చెప్పేటప్పుడు వస్త్రం కొలత, పని పట్టిన రోజులు పక్కనే రాయండి. అప్పుడు బేరమాడేవారు తగ్గుతారు, నిజంగా కొనేవారు మిగులుతారు.

ఇక డబ్బు కట్టే ప్రచారం సంగతి. ఫాలోవర్లను అమ్మేవారి జోలికి అసలు పోకండి, ఆ ఖాతాల వెనుక మీ పనిని చూసే మనుషులు ఉండరు. తనంతట తానే బాగా నడిచిన వీడియో ఏదైనా ఉంటే దానికి చిన్న మొత్తంతో ప్రకటన ఇవ్వవచ్చు. విదేశం నుంచి కొంటామంటూ క్యూఆర్ కోడ్ పంపి పిన్ నొక్కమనేవారు మోసగాళ్ళు. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరమే లేదు.

మరొక్క ముఖ్యమైన జాగ్రత్త. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, అక్కడ లక్షల మంది వీక్షకులను సంపాదించుకున్న మన పల్లె కళాకారులు ఎందరో ఒక్క రోజులో వారందరినీ పోగొట్టుకున్నారు. అందువల్ల ధర అడిగిన ప్రతి ఒక్కరి ఫోన్ నంబరును వారి అనుమతితో ఒక పుస్తకంలో రాసుకుని, కొత్త పని పూర్తయినప్పుడల్లా వాట్సాప్‌లో కబురు పంపండి. ఇన్‌స్టాగ్రామ్‌లో వేలమంది ఉండటం కంటే ఆ పుస్తకంలో రెండు వందల పేర్లు ఉండటమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: నా కార్టూన్ల నుంచి సంతకం చెరిపేసి వేరే పేజీల వారు వేసుకుంటున్నారు. రిజిస్టర్ చేయించనిదే హక్కు ఉండదంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నిజం కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, గీసినవారి జీవితకాలమూ ఆపై 60 ఏళ్ళూ నిలుస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికివస్తుంది. సంతకాన్ని మూలన పెట్టకుండా పాత్రల దుస్తుల్లోనో, గోడ గీతల్లోనో కలిపేస్తే, దాన్ని చెరిపితే బొమ్మే పాడవుతుంది. తేదీతో ఉన్న అసలు ఫైళ్ళను భద్రపరచి, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో ఉన్న కాపీరైట్ ఫిర్యాదు ఫారాన్ని నింపి పంపండి. అవతలి పేజీ వారితో కామెంట్లలో వాదనకు దిగితే వారికే వీక్షణలు పెరుగుతాయి.