ముఖం గుర్తుండి పేరు తట్టకపోవడం మతిమరుపేనా?

తెలిసినవారి ముఖం చూడగానే గుర్తుపడుతున్నాననీ, పేరు మాత్రం నోటికి రావడం లేదనీ, ఇది మతిమరుపుకు తొలి సూచన కావచ్చా అనీ మీరు అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. అయితే నాకూ ఏళ్ల తరబడి ఉన్న ఇబ్బందే కనుక, చదివినదీ గమనించినదీ రాస్తున్నాను.

ఒకసారి రైల్లో ఎదుటి సీటులో కూర్చున్న ఒకాయన నన్ను చూసి నవ్వారు. ముఖం బాగా తెలిసినదే, కానీ ఎవరో తట్టలేదు. కాసేపు పొడి మాటలతో నెట్టుకొచ్చాక, ఆయన ఏదో పుస్తకం ప్రస్తావన తేగానే, నేను వారం వారం వెళ్లే గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చేది ఆయనేనని స్ఫురించింది. ఆయన కూర్చునే బల్ల, కళ్లజోడు పైకి తోసుకునే అలవాటు కూడా కళ్లముందు మెదిలాయి. అంతకుముందు రెండుసార్లు ఆయనే చెప్పిన పేరు మాత్రం ప్రయాణం ముగిసేదాకా రాలేదు.

మొదట తెలిసిన ముఖమన్న భావన, తర్వాత ఎవరన్న ఎరుక, చివరికి పేరు: ఈ వరుస నా ఒక్కడిదే కాదని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆండీ యంగ్ పరిశోధన చదివాక తెలిసింది. 1985లో ఆయన, డెనిస్ హే, ఆండ్రూ ఎల్లిస్ ప్రచురించిన అధ్యయనంలో 22 మంది, మనుషులను గుర్తుపట్టడంలో తాము రోజూ పడిన తికమకలను డైరీల్లో నమోదు చేశారు. అలా పోగైన వెయ్యికి పైగా సంఘటనల్లో, మనిషి గురించి చాలా తెలిసీ పేరు రానివి 190 ఉండగా, పేరు తెలిసి ఇంకేమీ తెలియని సంఘటన ఒక్కటీ లేదు. మరుసటి ఏడాది విక్కీ బ్రూస్‌తో కలిసి యంగ్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం, ముఖం నుంచి పేరుకు నేరుగా దారి లేదు. ఆ మనిషి ఎవరన్న సమాచారం మీదుగానే వెళ్లాలి.

పేరే ఎందుకు జారిపోతుందన్న ప్రశ్నకు 1987 నాటి మరో ప్రయోగం నాకు ఎక్కువ నచ్చింది. ఇంగ్లీషులో బేకర్ అన్నది ఇంటిపేరూ కావచ్చు, రొట్టెలు కాల్చే వృత్తీ కావచ్చు. అపరిచితుల ముఖాలతో జతచేసి నేర్పినప్పుడు, అదే మాట వృత్తిగా గుర్తున్నంతగా పేరుగా గుర్తుండలేదు. వృత్తి అనగానే పొయ్యి, పిండి, వాసన వంటివన్నీ దానికి అల్లుకుంటాయి. పేరుకు అటువంటి ఆసరా ఏదీ ఉండదని నాకు అర్థమైంది.

ఇంట్లోవారి ముఖాలనే పోల్చుకోలేకపోవడం వేరే సంగతి. 1947లో జర్మన్ వైద్యుడు యోఆఖిమ్ బోడమర్ ప్రోసోపగ్నోసియా అని పేరు పెట్టినది దానికే. అది గానీ, అకస్మాత్తుగా వచ్చిన మార్పు గానీ మీలో కనిపిస్తే నరాల వైద్యుణ్ణి తప్పక కలవండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మీకు తడబాటు చివరి మెట్టు దగ్గరే ఉన్నట్టుంది.

నా మటుకు నేను, కొత్తవారు పేరు చెప్పగానే దాన్ని పలికి, వారి గురించి తెలిసిన ఒక వివరంతో ముడిపెట్టుకుంటున్నాను. కొంత మెరుగే. గ్రంథాలయం ఆయన పేరు మాత్రం, చివరికి ఆయన మెడలోని గుర్తింపు కార్డు చూసి తెలుసుకున్నాను.