చిటికె వెయ్యనన్న మాట

ప్రియమైన అమ్మాయికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకుంటూ, రెండోసారి పెన్సిలు పట్టుకుని. మియాపూర్ అపార్ట్‌మెంట్లో కొత్త కోడలు, చిటికె వేస్తే ఏ పనైనా అయిపోయే శక్తి, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం. ఎత్తుగడ బాగుంది. ట్యాంకరు రాని రోజు మేడ మీద తొట్టి నిండిపోయేదాకా హాయిగా చదివాను. ఆ తర్వాత గ్యాస్ బండ, ఆడపడుచు పెళ్లిచూపులు, మామగారి పెన్షను కాగితం, అన్నీ చిటికెలతోనే తెమిలిపోయాయి. ఆరో పేజీకి వచ్చేసరికి ఆ పిల్లకి ఏమవుతుందోనన్న బెంగ నాలో చుక్కయినా మిగల్లేదు. “ఎక్కడో తేలిపోతోందండీ, ఎక్కడో పట్టుకోలేకపోతున్నాను” అని నువ్వే రాశావు. నాకు దొరికిందనే అనుకుంటున్నాను. అయితే అది చెప్పడానికి ఈ మధ్య రాత్రిళ్లు నేను చూస్తున్న ఒక పాత టీవీ ధారావాహిక గురించి చెప్పాలి.

దాని పేరు ‘బివిచ్డ్’. అమెరికాలో ఏబీసీ చానల్లో 1964 సెప్టెంబరు 17న మొదలై 1972 మార్చి 25న ముగిసింది. ఎనిమిది సీజన్లు, 254 భాగాలు. ఒక్కోటి అరగంట. ఇక్కడ కేబుల్ కొత్తగా వచ్చిన రోజుల్లో హిందీ మాటలతో అక్కడొకటి ఇక్కడొకటి చూసి, ముక్కు కదిపి మాయలు చేసే అమ్మాయి, పిల్లల సరదా అనుకుని వదిలేశాను. పోయిన వేసవిలో మా మేనకోడలు అమెరికా నుంచి వస్తూ డీవీడీల పెట్టె తెచ్చింది. అక్కడి డిస్కు మన ప్లేయర్లో ఆడదు, రీజియన్ వేరు, అంటే ఏ దేశాల డిస్కు ఎక్కడ ఆడాలో పెట్టిన గుర్తు. తమ్ముడి కొడుకు పాత ల్యాప్‌టాప్ తెచ్చి రీజియన్ మారుస్తానన్నాడు. మార్చబోతే తెర మీద హెచ్చరిక వచ్చింది: అయిదుసార్లకి మించి మార్చడం కుదరదు, అయిదోసారి ఏది ఎంచుకుంటే అదే శాశ్వతం. వాడు బొత్తాం మీద వేలు పెట్టి నావైపు చూశాడు. “అత్తా, నిజంగా చూస్తావా?” అని అడిగాడు. హద్దులేకుండా మార్చుకోనిచ్చేదైతే వాడు ఆ ప్రశ్న అడిగేవాడే కాదు. నీ కథ చదువుతున్నప్పుడు నాకు వాడి వేలే గుర్తొచ్చింది.

మొదటి భాగం నువ్వు తప్పకుండా చూడాలి. రాసినాయన సోల్ సాక్స్. సమాంతా అనే మంత్రగత్తె, డారిన్ అనే మామూలు ప్రకటనల కంపెనీ ఉద్యోగి పెళ్లి చేసుకుంటారు. పెళ్లి రాత్రే ఆమె నిజం చెప్పేస్తుంది. అతను నమ్మడు, ఆమె చేసి చూపిస్తుంది. పాపం, అతను ఆ మాట చెప్పుకుందామని డాక్టరు దగ్గరికీ స్నేహితుడి దగ్గరికీ బారులో మనిషి దగ్గరికీ వెళ్తాడు. ఒక్కరూ వినరు. తిరిగొచ్చి భార్యని ఒక్కటే అడుగుతాడు: ఇక మంత్రాలు వద్దు, మామూలు గృహిణిలా ఉండు. ఆమె సరేనంటుంది. ఆ ‘సరే’ ఉంది చూశావూ, ఎనిమిదేళ్లు నడిచింది దాని మీదే.

ఎందుకంటే వెంటనే ఆ మాటకి పరీక్ష వస్తుంది. డారిన్ పాత ప్రియురాలు షీలా విందుకు పిలుస్తుంది. మామూలు బట్టల్లో రండి చాలు అంటుంది. వెళ్లేసరికి అందరూ పెళ్లికి ముస్తాబైనట్టున్నారు. భోజనాల బల్ల దగ్గర మాటమాటకీ సమాంతాని పొడుస్తుంది. చూస్తున్న మనకి చేతులు దురద పుడతాయి. సమాంతా ఓర్చుకుంటుంది. ఇంకా ఓర్చుకుంటుంది. ఆ ఓర్పు చూపించడానికి రచయిత తీసుకున్న నిడివిని గమనించు. అప్పుడు గానీ ముక్కు కదలదు. ఆ తర్వాత షీలా నిలువునా అభాసుపాలవుతుంటే మనకి కలిగే తృప్తి ఆ మంత్రాల వల్ల వచ్చింది కాదు, అంతదాకా ఆపి ఉంచడం వల్ల వచ్చింది. ఆఖరున ఇంటికొస్తే వంటింటి నిండా అంట్లు. ఎవరూ చూడటం లేదు. ఆమె చుట్టూ చూసి, ఒక్కసారికి ఫరవాలేదనుకుని, మెల్లగా మానేద్దాంలే అని తనకి తాను సర్దిచెప్పుకుంటుంది. ఎంత మనిషితనం ఉందో చూడు అందులో! పథ్యం మొదలుపెట్టిన రోజు రాత్రి డబ్బాలో చేయిపెట్టిన ప్రతివాళ్లకీ ఆ క్షణం తెలుసు.

ఇదేమీ మనకి కొత్త విద్య కాదమ్మా. గంగ శంతనుణ్ణి పెళ్లాడేటప్పుడు పెట్టిన షరతు గుర్తుందిగా? నేనేం చేసినా అడ్డు చెప్పకూడదు. ఏడుగురు బిడ్డలు నీళ్లలోకి వెళ్లారు, ఆయన నోరు విప్పలేదు. ఎనిమిదోవాడి దగ్గర విప్పాడు. గంగ దేవత కావడం వల్ల ఆ కథ మనల్ని పట్టుకోలేదు, ఆయన మింగిన ఏడు మౌనాల వల్ల పట్టుకుంది. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడవడమూ అంతే, మాట్లాడకూడదన్న నియమం తీసేస్తే అది ఉత్త నడకే. సోల్ సాక్స్‌కి మన కథలు తెలిసి ఉండనక్కర్లేదు. అతనికి తన ముందు వచ్చిన రెండు సినిమాలు ప్రేరణ అని చెప్పుకున్నాడు. కానీ మాయ తెలిసిన స్త్రీ ఇంటికి వస్తే ముందు గుమ్మం దగ్గర ఒక మాట పుచ్చుకోవాలన్న సంగతి కథ చెప్పేవాళ్లందరికీ ఎలాగో తెలిసిపోతుంది.

నీ కోడలు ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. నాకు దొరికిందన్నది అదే.

మాట ఇస్తే చాలదు, దాన్ని లాగేవాళ్లు కావాలి. ‘బివిచ్డ్’లో అందుకు సమాంతా తల్లి ఎండోరా ఉంది. ఆగ్నెస్ మూర్‌హెడ్ వేసింది. అల్లుడంటే ఆవిడకి ఎంత చులకనంటే పేరు కూడా సరిగ్గా పలకదు. డర్‌వుడ్ అంటుంది, ఇంకేదో అంటుంది. పదేపదే తిట్లు రాయనక్కర్లేకుండా ఒక్క పేరు తప్పు పలికించి సంబంధమంతా చెప్పేశారు. “కూతురా, ఈ మనిషి కోసం నువ్వు అంట్లు తోముతావా?” అన్నదే ఆవిడ ప్రతి రాకలోనూ ఉన్న ప్రశ్న. న్యాయంగా చూస్తే ఆవిడ అడిగేదీ తప్పు కాదు. డారిన్ కోరికలో స్వార్థం ఉంది. భార్య తనకంటే శక్తిమంతురాలైతే ఇమడలేని మగవాడి భయం ఉంది. ఈ కాలంలో చూస్తుంటే అది నాకు గుచ్చుకుంటూనే ఉంది. అయినా మాట ఇచ్చింది సమాంతా, ఇష్టపడి ఇచ్చింది. ఎవరిది ఒప్పో తేల్చకుండా ఇద్దరినీ ఒకే ఇంట్లో కూర్చోబెట్టడమే మొదటి సీజన్ గొప్పతనం. నీ కథలో అత్తగారికి ఒక్క న్యాయమైన వాక్యమైనా ఇచ్చావా? వెతికాను, కనబడలేదు.

క్లారా అత్త గురించి చెప్పకుండా ఉండలేను. ముసలిదైపోయి మంత్రాలు మరిచిపోయిన మంత్రగత్తె. ఒకటి చేయబోతే ఇంకోటవుతుంది. గుమ్మంలోంచి రాబోయి పొగగొట్టంలోంచి ఊడిపడుతుంది. ఆ పాత్రకి తలుపు పిడులు పోగుచేసే సరదా పెట్టారు. అది ఆ నటి మారియన్ లోర్న్‌కి నిజజీవితంలో ఉన్న సరదానే. మనిషిలోంచి తీసిన ఒక్క చిన్న వస్తువు పాత్రకి ఎంత ప్రాణం పోస్తుందో చూడు. ఆవిడ 1968లో పోయింది. పోయిన కొద్ది రోజులకే అక్కడ టీవీ వాళ్లకిచ్చే ఎమ్మీ బహుమతి వచ్చింది. ఆ పాత్రని మరొకరితో వేయించలేదు. శక్తి ఉన్నవాళ్ల గురించి రాసేటప్పుడు, శక్తి జారిపోతున్నవాళ్లని ఒకరిని పక్కన నిలబెట్టుకో. నేను ఈ వయసులో ఆవిడ వచ్చిన భాగాలు చూస్తుంటే నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

మొదటి రెండు సీజన్లు నలుపు తెలుపులో తీసినవి. 2005లో డీవీడీలు వేసినప్పుడు రంగులద్దిన ప్రతులు కూడా వేశారు. మేనకోడలు తెచ్చినది రంగులదే. నాలుగు భాగాలు చూసి ఆపి, నలుపు తెలుపుది వేరే తెప్పించుకున్నాను. రంగులద్దిన దాంట్లో కళ్లు గోడల మీదికీ సోఫాల మీదికీ పోతున్నాయి. అసలుదాంట్లో సమాంతా వేసిన ఎలిజబెత్ మాంట్‌గోమరీ మొహమే కనబడుతుంది. ముక్కు కదపాలా వద్దా అన్న సందేహం ఆ పెదవి మీద కదిలేది అక్కడే.

అప్పట్లో కంప్యూటర్లు లేవు. వస్తువు మాయం కావాలంటే నటులు ఉన్నచోట బొమ్మల్లా బిగుసుకుపోవాలి. కెమెరా ఆపుతారు, పనివాళ్లు వచ్చి వస్తువు తీసేస్తారు, మళ్లీ కెమెరా తిప్పుతారు. ఎత్తిన చెయ్యి ఒక్క అంగుళం దిగితే దొరికిపోతారు. కొన్ని సన్నని తీగలతో లాగేవారు. ఒక క్షణం మాయ వెనక మనుషుల ఒళ్లు నొప్పులున్నాయి. అందుకే తెగ వాడలేకపోయారు కూడా. నీకూ నాకూ అలాంటి కట్టడి లేదు, ‘చిటికె వేసింది’ అని రెండు మాటలు రాస్తే అయిపోతుంది. మన పనిలో ఉన్న కష్టం అదే.

చివరి సీజన్లకొచ్చేసరికి పాత భాగాల కథల్నే కొద్దిగా మార్చి మళ్లీ తీశారు. మధ్యలో 1969లో డారిన్ వేసే డిక్ యార్క్ పాత వెన్నునొప్పి ముదిరి తప్పుకుంటే, డిక్ సార్జెంట్ వచ్చాడు. మొగుడి మొహం మారిపోయినా తెర మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. దానికి నేను తప్పు పట్టను, ప్రేక్షకులూ సర్దుకున్నారు. నన్ను బాధపెట్టింది వేరు. అప్పటికి సమాంతా మంత్రం వేస్తే డారిన్ విసుక్కుంటాడు, అంతే. విరిగిన మాట విరిగినట్టు ఉండదు. అవే సంఘటనలు మొదటి సీజన్లో గుండె పట్టుకున్నాయి, ఎనిమిదో సీజన్లో ఊరికే దొర్లిపోయాయి. రెండూ పక్కపక్కన వేసుకుని చూడగలగడం ఈ పెట్టె వల్ల నాకు దొరికిన భాగ్యం.

కానీ ఆ చివరి సీజన్లలోనే ఒకటుంది, నీలాంటివాళ్లు తెలుసుకోవాల్సింది. ‘సిస్టర్స్ ఎట్ హార్ట్’. 1970 డిసెంబరు 24న వచ్చింది. దాని కథ లాస్ ఏంజెలెస్‌లోని జెఫర్సన్ హైస్కూలు పదో తరగతి పిల్లలు రాశారు. ఇరవై ఆరుగురు, నల్లజాతి పిల్లలు. వాళ్ల టీచరు చదువు మీద ఇష్టం పుట్టించడానికి ఈ ధారావాహిక స్క్రిప్టులు చదివించేది. రచయిత్రి బార్బరా ఆవెడన్ చేయి కలిపి దాన్ని పూర్తి స్క్రిప్టుగా మలిచింది. సమాంతా కూతురు టాబితా, ఆమె నల్లజాతి స్నేహితురాలు లీసా అక్కచెల్లెళ్లు కావాలనుకుంటారు. టాబితా మంత్రం వేస్తుంది. ఒకరి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఇంకొకరి ఒంటి మీద నల్ల చుక్కలు. పెద్దవాళ్లు పెట్టిన గీతని పిల్లలు చుక్కలుగా తీసుకొచ్చి ముందు పెట్టారు! ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాళ్లకి తట్టనిది పదో తరగతి పిల్లలకి తట్టింది. చివర్లో డారిన్ కంపెనీకి వచ్చిన, జాతి ద్వేషం ఉన్న క్లయింటు కళ్లకి అందరూ నల్లవాళ్లలా కనబడేట్టు సమాంతా చేస్తుంది, నటుల మొహాలకి రంగు పూసి తీశారది. ఇవాళ ఆ దృశ్యం చూడటం ఇబ్బందిగా ఉంది, ఉండాలి కూడా. అయినా ఆ చుక్కల ఊహ ఆ పిల్లలది, దాని నిజాయితీ అలాగే ఉంది. 1971లో దానికి ఎమ్మీల్లో గవర్నర్స్ అవార్డు ఇచ్చారు.

నువ్వు ‘నాకింకా అనుభవం లేదండీ’ అని నాలుగు చోట్ల రాశావు. ఆ ఇరవై ఆరుగురికీ లేదు. వాళ్లకి తెలిసింది ఒక్కటే, బయట తమ ఒంటి రంగుకి ఏం జరుగుతోందన్నది. మంత్రాన్ని తీసుకెళ్లి సరిగ్గా అక్కడ పెట్టారు. నీకు తెలిసిన నొప్పి ఏదో నీ కథలో ఒకచోట కనబడింది. పుట్టింటికి ఫోన్ చేయాలంటే ఆ పిల్ల బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంటుంది, చూడు, అక్కడ. ఆ నాలుగు వాక్యాల్లో చిటికె లేదు. కథ మొత్తంలో నేను పెన్సిలు పక్కన పెట్టింది అక్కడే.

కాబట్టి గ్యాస్ బండ సీను తీసెయ్. పెన్షను కాగితం కూడా. మొదటి పేజీలోనే ఆమె చేత ఎవరికో ఒకరికి మాట ఇప్పించు, మొగుడికి కానక్కర్లేదు. పెళ్లికి ముందు రోజు రాత్రి అమ్మకి ఇచ్చిందేమో ఆలోచించు. అప్పుడు బాల్కనీలో ఆ ఫోన్ ఎలా మారుతుందో రాసి చూడు. అవతల అమ్మ ఒంట్లో బాగాలేదంటుంది, ఇవతల ఈ పిల్ల రెండు వేళ్లూ దగ్గరికొస్తాయి. తర్వాతేమిటో నేను చెప్పను.

సంక్రాంతికి ఇటు వస్తానన్నావుగా. నలుపు తెలుపు డిస్కులు విడిగా తీసి పెట్టాను. ల్యాప్‌టాప్‌లో ఇంకా మూడు మార్పులు మిగిలున్నాయని వాడు చెప్పాడు, వాటిని ముట్టుకోవద్దన్నాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మలాంటి ఒక పాత రచయిత్రి