వేలంలో హెచ్చు ధరకు పాడుకున్న నాణేన్ని వద్దనడం న్యాయమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆన్‌లైన్ వేలంలో 1911 నాటి అయిదవ జార్జి వెండి రూపాయిని మీరు 12,500 రూపాయలకు పాడుకున్నారు. వారం తిరగకముందే అదే సంవత్సరపు నాణెం మరో వేలంలో 7,800 రూపాయలకు పోయింది. డబ్బు ఇంకా కట్టలేదు కాబట్టి వెనక్కి తగ్గవచ్చా, తగ్గితే తప్పవుతుందా, అసలు మీరు మోసపోయారా అని అడిగారు. ప్రకాశం జిల్లా టంగుటూరులో ఉంటూ పదేళ్లకు పైగా పాత నాణేలు సేకరిస్తున్న నాకు ఈ మూడు సందేహాలూ వచ్చాయి. అందులో ఒకసారి నేను అడిగింది అన్యాయమని, మరొకసారి న్యాయమని తర్వాత తెలుసుకున్నాను.

2019లో నేను కూడా ఇదే రకం నాణెం కొన్నాను. రాజు అంగీ మీద ఉన్న ఏనుగు బొమ్మ పందిలా కనబడుతోందని జనంలో అలజడి రేగడంతో ప్రభుత్వం ఆ అచ్చును మార్చి, ముద్రించినవాటిలో చాలా భాగాన్ని కరిగించింది. సుమారు 94 లక్షలు ముద్రిస్తే చలామణిలోకి వచ్చినవి 7 లక్షలేనంటారు. ఆ కథ మీద ఉన్న మోజుతోనే నేను 11,600 రూపాయల దాకా వెళ్లాను. మూడు వారాల తర్వాత అలాంటిదే 6,900 రూపాయలకు అమ్ముడవడం చూసి, మనసు చివుక్కుమని, నాణేన్ని వెనక్కి తీసుకొమ్మని అమ్మినాయనకు రాశాను. నాణెంలో లోపం ఉంటే చెప్పండి, ఈ రోజే తీసుకుంటాను, ధరలో లోపం ఉందంటే నేనేం చేయగలను అని ఆయన జవాబిచ్చారు. రెండు రోజులు కోపంగానే ఉన్నాను. ఆ తర్వాత ఆయన పెట్టిన వివరణను మళ్లీ చదివితే బరువు, అరుగుదల, అంచు మీద ఉన్న చిన్న నొక్కు, అన్నీ ఉన్నది ఉన్నట్టు రాసి ఉన్నాయి. ఆయన చెప్పినదాంట్లో ఏదీ మారలేదు. మూడు వారాల తర్వాత ఏం జరిగిందో నాకు తెలిసింది, అంతే.

మీ విషయంలో కూడా ముందుగా చూడవలసింది ఇదే. ఇలాంటి వేలాల్లో చాలావరకు మనం గరిష్ఠంగా ఎంత ఇవ్వగలమో రాసిపెడితే, యంత్రం మన తరఫున మెట్టు మెట్టుగా పాడుతుంది. చివరికి మనం కట్టేది మన గరిష్ఠ మొత్తం కాదు, రెండో పాటదారు ఆగినచోటికి ఒక మెట్టు పైన. కాబట్టి ఆ రాత్రి ఇంకొకరు కూడా దాదాపు 12,500 ఇవ్వడానికి సిద్ధపడ్డారన్నమాట. ఆ మరో నాణెం 7,800కే పోవడానికి ఒక కారణం బహుశా మీరు ఆ పాటలో లేకపోవడమే. అందరికంటే గట్టిగా పట్టుబట్టే మనిషికి నాణెం అప్పటికే దొరికిపోయింది. పదిమంది ఒకే వస్తువుకు తలా ఒక వెల కట్టినప్పుడు గెలిచేది అందరికంటే ఎక్కువ అంచనా వేసినవారే గనుక, గెలవడమే కొంత ఎక్కువ పెట్టామనడానికి సూచన. సముద్రగర్భంలోని చమురు హక్కుల వేలాల్లో కంపెనీలకు ఇదే జరిగిందని అమెరికా చమురు ఇంజనీర్లు ముగ్గురు 1971లోనే రాశారు. దీనికి మందు పాటకు ముందు వేసుకోవలసిందే గాని, పాట ముగిసిన తర్వాత అమ్మినవారి మీద రుద్దదగినది కాదు. మీరు ఇప్పుడు తప్పుకుంటే, మీ పాట చూసి ఆగిపోయిన ఆ రెండో వ్యక్తికి కూడా నష్టం చేసినవారవుతారు.

అయితే ఈ మాటంతా ఆ రెండో పాటదారు నిజమైన మనిషి అయినప్పుడే నిలుస్తుంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని 64వ సెక్షన్ వేలాల గురించే ఉంది. పాట ముగిసినట్టు ప్రకటించే వరకు ఎవరైనా తమ పాటను ఉపసంహరించుకోవచ్చు, ప్రకటించాక అమ్మకం పూర్తయినట్టే. ముందుగా చెప్పి హక్కు ఉంచుకుంటే తప్ప అమ్మేవారు తమ సరుకుకు తామే పాడకూడదు, మనిషిని పెట్టి పాడించకూడదు. ధర పెంచడానికి దొంగపాట పాడించినట్టయితే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారికి ఉంటుంది. అందుచేత మీ పాటల చరిత్ర తెరిచి చూడండి. మీతో పోటీపడిన ఖాతా ఈ ఒక్క అమ్మకందారు వస్తువులకే పాడుతూ, ఎప్పుడూ గెలవకుండా, చివరి మెట్టు ముందు తప్పుకుంటూ ఉంటే అది అనుమానించదగినదే. ఆ స్క్రీన్‌షాట్లను భద్రపరిచి, డబ్బు కట్టేముందే వేలం నడిపే వేదికకు ఫిర్యాదు చేయండి. అలాంటిది కనబడకపోతే మాత్రం ఊహించుకోకండి; నష్టపోయిన బాధలో ప్రతి పాటా దొంగపాటలాగే కనబడుతుంది.

మా ఇంట్లో పొగాకు పండించేవారు కాబట్టి వేలం అంటే నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో పొగాకు బోర్డు వేలాలు 1985లో మొదలయ్యాయి. టంగుటూరు, కొండపి, కందుకూరు వేలం కేంద్రాల్లో బేలును అందరి ముందూ ఉంచుతారు, కొనేవారు ఆకును చేత్తో పట్టి రంగూ నాణ్యతా చూసుకుంటారు, ధర గిట్టదనుకుంటే రైతు ఆ బేలును అమ్మనని వెనక్కి తీసుకుపోవచ్చు. మా నాన్నగారు అలా తిప్పి తెచ్చిన బేళ్లు మరోసారి వెళ్లినప్పుడు ఒక్కోసారి ఇంకా తక్కువకు పోయిన సందర్భాలున్నా, మొదటి రోజు కొనడానికి వచ్చినవారిని ఆయన తప్పుపట్టినట్టు నాకు గుర్తులేదు. ఆన్‌లైన్ వేలంలో సరుకును చేత్తో పట్టి చూసేది అమ్మేవారొక్కరే. కొనేవారికి దక్కేది నాలుగు ఫొటోలు, నాలుగు వాక్యాలు. అందుకే ధర విషయంలో ఎంత కచ్చితంగా పాటకు కట్టుబడాలంటానో, వివరణ విషయంలో అమ్మకందారు అంతకు రెండింతలు కట్టుబడాలంటాను.

రెండేళ్ల తర్వాత ఇంకో అమ్మకందారు దగ్గర అసలైన వెండి రూపాయి అన్న మాట నమ్మి కొన్నది ఇంటికి వచ్చాక తూచితే 9.8 గ్రాములే ఉంది. ఆ రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే ఒక తులం. అరుగుదలకు కొంత తగ్గవచ్చు గాని రెండు గ్రాములు తగ్గదు. అచ్చుతో కొట్టక పోతపోసిన నకిలీలకు ఉండే గీత కూడా అంచు చుట్టూ కనబడింది. అప్పుడు నేను పట్టుబట్టి డబ్బు వెనక్కి తీసుకున్నాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం నకిలీ సరుకునూ, ప్రకటించిన లక్షణాలు లేని సరుకునూ తిరిగి తీసుకోవడానికి విక్రేత నిరాకరించకూడదు. వ్యాపారంగా కాక తన ఇంట్లోని వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తికి ఆ నియమాలు వర్తించవు. మనసు మారిందన్న కారణం వాటిలో లేదు.

ధర నచ్చకపోవడానికీ, నకిలీ సరుకుకూ మధ్యన పడేది మెరుగు పెట్టిన నాణెం. చింతపండుతోనో పొడితోనో తోమిన రూపాయి తళతళలాడుతుంది, ఫొటోలో అందంగా ఉంటుంది, సేకరించేవారి దృష్టిలో మాత్రం దాని విలువ బాగా పడిపోతుంది. తోమిన సంగతి తెలిసి కూడా చెప్పకుండా, ఫొటోలో ఉన్నదే స్థితి అని ఒక్క ముక్క రాసి తప్పించుకోవడం నా దృష్టిలో అబద్ధమే. చట్టం ముందు రుజువు చేయడం కష్టం కాబట్టి, పాటకు ముందే ఎప్పుడైనా తోమారా అని సూటిగా అడిగి జవాబును రాతపూర్వకంగా తీసుకోవడం నాకు అలవాటైంది.

కనుక పాటల చరిత్రలో తేడా కనబడకపోతే గడువులోగా డబ్బు కట్టండి. వేదిక రుసుము, పన్ను ఎంత కలుస్తాయో కూడా చూసుకోండి, 12,500 మీద అవి వేరుగా పడవచ్చు. పొట్లం వచ్చాక విప్పేటప్పుడు వీడియో తీసి, మీ ఊళ్లో తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించండి. ఆ బరువు, అంచు ఫొటో, అమ్మకందారు వివరణ మూడూ ఇక్కడ పెడితే, చూసి నాకు తెలిసినది చెబుతాను.